లోడు వద్దనడానికి ఎంత డబ్బు కావాలి? ఒక ఓనర్ కమ్ డ్రైవర్ కేసు

నేను టాక్స్ ప్రాక్టీషనర్‌ని. విజయవాడ ఆటోనగర్ దగ్గర చిన్న ఆఫీసు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా లారీల వాళ్లే. పది బండ్ల ఓనర్లూ ఉన్నారు, ఒక్క బండి కొనుక్కుని దాన్ని తామే నడుపుకునే వాళ్లూ ఉన్నారు. ఈ రెండో రకం వాళ్ల కేసుల్లో ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఊరు, బండి వివరాలు, కుటుంబం సంగతులు కొన్ని మార్చాను. రూపాయలు మాత్రం దగ్గరదగ్గరగా అవే. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది, దాన్ని దాచలేదు.

ఆయన్ని ఈ కేసంతా ఓనరు అనే అంటాను. ఆ మాట కోసమే ఆయన ఇంత చేశాడు కాబట్టి.

ముందు కథ

ఓనరుకు నలభై లోపు వయసు. పద్నాలుగేళ్లు వేరేవాళ్ల బండి నడిపాడు. జీతం, బత్తా, ఖర్చులకు అడ్వాన్సు, ఇదే జీవితం. తల్లి తద్దినం రోజు ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చుంటే పాత ఓనరు ఫోన్ చేసి "లోడు పడింది, రెండు గంటల్లో బండి కదలాలి" అన్నాడట. తద్దినం తమ్ముడితో పెట్టించి వెళ్లాడు. ఆ రోజే అనుకున్నాడట, ఎప్పటికైనా సొంత బండి కొనాలని. ఈ సంగతి నాకు రెండు మూడు సార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ గొంతు అలాగే ఉండేది.

2022 జూన్‌లో 2019 మోడల్ పన్నెండు టైర్ల బండి, బండీ సరుకూ కలిపి 35 టన్నుల గ్రాస్ వెయిటుది, సెకండ్ హ్యాండ్‌లో 22 లక్షలకు కొన్నాడు. 6 లక్షలు చేతి నుంచి పెట్టాడు, అందులో భార్య బంగారం కొంత, చీటీ పాట కొంత. మిగతా 16 లక్షలు ఫైనాన్స్, 48 వాయిదాలు. ఫైనాన్స్ ఏజెంటు "ఎనిమిదిన్నర శాతమే అన్నా" అన్నాడు. అది ఫ్లాట్ రేటు. అంటే 16 లక్షల మీద నాలుగేళ్ల వడ్డీ మొదట్లోనే లెక్కేసి, అసలులో కలిపి 48తో భాగించేశారు. నెలకు 44,667. నెలనెలా తగ్గే అసలు మీద లెక్క వేస్తే అది దాదాపు 15 శాతం. ఈ తేడా నేను చెప్పేదాకా ఆయనకు తెలీదు. అయితే తెలిసినా కొనేవాడే అనుకుంటున్నాను.

లోడ్లు ఎక్కువగా ఇటు నుంచి బియ్యం బెంగళూరుకు, అటు నుంచి ఏది దొరికితే అది. పాత ఓనరు దగ్గర ఉన్నప్పుడు పరిచయమైన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఒకటి ఉంది. లోడు వాళ్లే ఇస్తారు, అడ్వాన్సు వాళ్లే ఇస్తారు, డీజిలుకు చీటీ రాసిస్తే వాళ్లు చెప్పిన బంకులో కొట్టించుకోవాలి.

ఏమని వచ్చాడు

2023 అక్టోబరులో వచ్చాడు. అడిగింది ఒక్కటే: ఐటీ రిటర్ను వెయ్యాలి, ఆదాయం కాస్త బాగా చూపించాలి, ఎందుకంటే రెండో బండికి లోను కావాలి.

"ఒక్క బండితో గట్టెక్కలేం సార్. రెండుంటే ఒకటి కిస్తీలకు, ఒకటి ఇంటికి."

ఈ మాట ఆటోనగర్‌లో చాలామంది నోట విన్నాను. నాకు వెంటనే అనుమానం వచ్చేది ఇక్కడే. ఒక్క బండి మిగల్చకపోతే రెండో బండి మాత్రం ఎందుకు మిగులుస్తుంది? దానికి జీతం డ్రైవరు కూడా కావాలి కదా.

రిటర్ను సంగతి తేలికైనదే. పది బండ్లు మించని వాళ్లకు అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 44ఏఈ సెక్షను ఉండేది. 12 టన్నులు దాటిన బండికి గ్రాస్ వెయిటులో టన్నుకు 1,000 చొప్పున నెలకు ఆదాయం అనుకుంటారు, నెలలో ఒక్క రోజు బండి మన పేరున ఉన్నా ఆ నెల మొత్తం లెక్కే. జూన్ నుంచి మార్చి దాకా పది నెలలు, నెలకు 35,000, అంటే 3.5 లక్షలు. రిబేటు పోను పన్ను సున్నా. ఆలస్యంగా వేసినందుకు 1,000 ఫీజు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు టీడీఎస్ కొయ్యకుండా పాన్ నంబరుతో డిక్లరేషన్ ఒకటి రాసిచ్చాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఈయనకు అక్కర్లేదు.

కాగితం మీద 3.5 లక్షల ఆదాయం ఉన్న మనిషి. ఆ కాగితం తీసుకెళ్తే రెండో లోను వచ్చేసేదే, ఏజెంటు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. రిటర్ను వెయ్యడం వరకే నా పని అనుకుని ఊరుకుంటే ఈ కేసు ఇక్కడితో అయిపోయేది. కానీ బయట పార్క్ చేసిన బండి ముందు టైర్లు చూశాను. గాడి లేదు, అరచెయ్యి పెడితే నున్నగా తగిలింది.

లెక్క వేస్తే తేలింది

ఒక ట్రిప్పు లెక్క చెప్పమన్నాను. నోటికొచ్చినట్టు టకటకా చెప్పాడు, మనిషి ఆ విషయంలో చాలా కచ్చితం.

పోను 24 టన్నులు, టన్ను 1,600 చొప్పున 38,400. రాను 28,000. మొత్తం 66,400. ఖర్చులు చూస్తే డీజిల్ 34,600 (రానూపోనూ, లోకల్ తిరుగుడు కలిపి 1,400 కిలోమీటర్లు, లీటరుకు 3.8), టోళ్లు 8,500, తనకూ క్లీనరుకూ తిండి, క్లీనరు బత్తా 3,000, లోడింగు అన్‌లోడింగు మామూళ్లు, కాటా, పట్టా (టార్పాలిన్) 3,000, కమీషన్లు 2,000, రోడ్డు మీద చేతులు తడపడానికి 900. మొత్తం 52,000.

"మిగిలేది 14,400 సార్. నెలకు నాలుగున్నర ట్రిప్పులు. 64 వేలు పైన. కిస్తీ 44. ఇరవై మిగలాలి. మరి మిగలట్లేదేంటి?"

ఎందుకు మిగలట్లేదో ఆ ట్రిప్పు లెక్కలో కనపడదు. అందులో ఉన్నవన్నీ రోడ్డు మీద చేతిలోంచి పోయే డబ్బులు. టైరు అరగడం ఏ ట్రిప్పులోనూ డబ్బు అడగదు, అడిగిన రోజున ఒక్కసారే రెండున్నర లక్షలు అడుగుతుంది. పన్నెండు టైర్లు, ఒక్కోటి 21 వేలనుకున్నా అంత అవుతుంది. రీట్రెడింగులూ కలుపుకుని చూస్తే కిలోమీటరుకు 3 రూపాయలు పక్కన పెట్టాల్సిందే. ఆయన నెలకు 6,300 కిలోమీటర్లు తిరుగుతున్నాడు కాబట్టి అక్కడే 19,000. ఇన్సూరెన్సు, నేషనల్ పర్మిట్, క్వార్టర్ టాక్సు, ఫిట్‌నెస్ అన్నీ కలిపి ఏడాదికి లక్షా ముప్పై వేలు, నెలకు 11,000. ఇందులో ఒక్క థర్డ్ పార్టీ ప్రీమియమే ఈ తరగతి బండికి అప్పట్లో పన్ను కాకుండా 43,950, పర్మిట్ 16,500, ఇవి తగ్గించుకునే ఖర్చులు కావు. ఆయిలు, గ్రీజింగు, కమాన్ కట్టలు, బ్రేక్ లైనర్లు, క్లచ్చు కలిపి నెలకు 10,000.

64లోంచి ఈ 40 తీసేస్తే 24 వేలు. కిస్తీ 44,667.

అంటే నెలకు దాదాపు 20 వేలు లోటు. అదీ ఇంటికి రూపాయి ఇవ్వకుండా, తనకు జీతం లేకుండా. మరి పదహారు నెలలు బండి ఎలా తిరిగింది? ఒక్కొక్కటీ అడిగితే బయటికొచ్చాయి. పదో నెలలో అదే ఫైనాన్సులో టాప్ అప్ 2.5 లక్షలు, దానికి ఇంకో కిస్తీ 9,038. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర. స్పేర్ పార్టుల షాపులో 60 వేలు బాకీ. పైగా, మార్చాల్సిన టైర్లు మార్చలేదు, అదొక అప్పు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు దగ్గర రావాల్సిన బ్యాలెన్సు లక్షా పది వేలు ఆగిపోయి ఉంది.

ఇదంతా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పడానికి గంటన్నర పట్టింది. చివర్లో ఒక మాట అన్నాడు. "అంటే నేను డ్రైవరు జీతం కూడా సంపాదించట్లేదన్న మాట." అవునన్నాను. ఇంకొంచెం మెల్లగా చెప్పాల్సింది.

రెండో బండి మాట మళ్లీ ఎత్తలేదు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

నా లెక్క ఇలా నడిచింది. కిస్తీ, ఇన్సూరెన్సు, పర్మిట్ ఇవి బండి తిరిగినా తిరక్కపోయినా ఉండేవే. ఒక్క ట్రిప్పు ఎక్కువ వేస్తే 14,400లో టైరు అరుగుదల 4,200 పోగా 10,200 అదనంగా చేతికొస్తుంది. కాబట్టి నెలకు నాలుగున్నర కాదు, ఆరు వెయ్యి. అన్‌లోడింగు దగ్గర ఆగకుండా, రాత్రి ప్రయాణాలు పెంచు. కూడికలూ తీసివేతలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నవంబరంతా అలాగే తిప్పాడు, ఐదున్నర ట్రిప్పులు పడ్డాయి. డిసెంబరు రెండో వారంలో తెల్లవారుజామున నాలుగింటికి నెల్లూరు దాటాక కునుకు పట్టి బండి డివైడరు ఎక్కేసింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టం. రిపేరు 38,000, పదకొండు రోజులు బండి షెడ్డులో. ఇన్సూరెన్సు క్లెయిములో కోతలన్నీ పోగా 21 వేలు, అదీ రెండు నెలలకు.

బండికి గ్రీజు ఖర్చు లెక్కేసిన నేను మనిషికి నిద్ర లెక్కేయలేదు. పెద్ద ఓనరుకు ట్రిప్పులు పెంచమని చెబితే ఇంకో డ్రైవర్ని ఎక్కిస్తాడు. ఈయన దగ్గర డ్రైవరూ ఓనరూ ఒకడే. ఇది తెలిసి కూడా పది బండ్ల ఓనరుకు వేసే లెక్కే వేశాను. ఇప్పుడైతే ఒక్క బండి వాళ్లెవరికీ ముందుగా ట్రిప్పులు పెంచమని చెప్పను.

ఆ క్లెయిము కాగితాల కోసం పాలసీ తెరిస్తే ఇంకోటి బయటపడింది. ఓనర్ కమ్ డ్రైవర్‌కు ఉండాల్సిన 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవరు ఆయన పాలసీలో లేదు. ఆ గడిలో సున్నా. ఏజెంటు ప్రీమియం తక్కువ చూపించడానికి తీసేశాడు, ఈయన చదవకుండా సంతకం పెట్టాడు. జీతం డ్రైవరుకైతే ఓనరు కట్టిన పాలసీలో లయబిలిటీ కవరు ఉంటుంది. తన బండి తాను నడుపుకునేవాడికి ఈ ఒక్క గడే దిక్కు. ఆ తెల్లవారుజామున డివైడరు బదులు ఇంకేదైనా అయ్యుంటే భార్యకు మిగిలేది సగం కిస్తీలు కూడా కట్టని బండి మాత్రమే. మరుసటి రోజే విడిగా ఆ కవరు తీయించాను. ఇది చదివే లారీ వాళ్లెవరైనా ఉంటే మిగతాదంతా తర్వాత చదవండి, ముందు మీ పాలసీలో ఆ గడి చూసుకోండి.

ఇంకో రెండు ఫెయిలయ్యాయి

ఫోన్లో లోడ్లు చూపించే యాప్ ఒకటి పెట్టుకున్నాడు, అది నా సలహా కాదు, బావమరిది చెప్పాడు. దానివల్ల ఒక మేలు మాత్రం జరిగింది. బెంగళూరుకు బియ్యం కిరాయి టన్నుకు 1,750 దాకా నడుస్తోందని, తనకు ఆఫీసు ఇస్తున్నది 1,600 అని మొదటిసారి కళ్లారా చూశాడు. చూసి కోపం తెచ్చుకుని, ముక్కూమొహం తెలియని పార్టీకి రెండు లోడ్లు తోలాడు. రెండోదానికి 19,000 బ్యాలెన్సు ఇప్పటికీ రాలేదు, ఫోన్ ఎత్తరు.

ఇంకొకటి ఓవర్‌లోడు. ఆఫీసే చెప్పింది, 24 కాదు 29 టన్నులు వేసుకో, ట్రిప్పుకు 8,000 ఎక్కువ మిగులుతుంది అని. చాలామంది వేసుకుంటున్నారు కూడా. దీని మీద మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. పట్టుబడితే చట్టం ప్రకారం 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000, అంటే ఐదు టన్నులకు మొత్తం 30,000, సరుకు దింపేదాకా బండి కదలదు. నాలుగు ట్రిప్పులకొకసారి పట్టుబడ్డా ఆ 8,000 చొప్పున వచ్చింది దాదాపు మొత్తం పోతుంది. "అన్నిసార్లు పట్టుకోరు సార్" అన్నాడు, అదీ నిజమే. అందుకని ఫైను భయం చూపించి ఆపాలని చూడలేదు. నేను చెప్పింది టైర్ల గురించి. ఉన్నవి నున్నటి టైర్లు, వాటి మీద ఐదు టన్నులు ఎక్కువ. రెండు ట్రిప్పులు అప్పటికే వేశాడట నాకు చెప్పకుండా, రెండోదాంట్లో వెనక జత పేలింది. నా వాదన కంటే అదే బాగా పనిచేసింది.

అసలు ముడి ఎక్కడుంది

జనవరిలో, బండి షెడ్డులోంచి బయటికొచ్చాక, ఆఫీసు చీటీలన్నీ తెప్పించి ఒక ఆదివారం కూర్చున్నాను. టన్నుకు 150 తక్కువ ఇస్తుంటే ఈ మనిషి అక్కడే ఎందుకు ఉంటున్నాడు? మొహమాటమా? కాదు. చేతిలో డీజిలు డబ్బు లేదు. ట్రిప్పు మొదలవ్వాలంటే ముప్పై వేలు పైన కావాలి, అది ఆఫీసు అడ్వాన్సు, డీజిలు చీటీ రూపంలో ఇస్తోంది. ఇచ్చినందుకు రేటు వాళ్లు చెప్పిందే. బ్యాలెన్సు వాళ్లకు వీలైనప్పుడే. డబ్బు వాళ్ల దగ్గరే ఇరుక్కుంది కాబట్టి వాళ్లను వదిలి వెళ్లలేడు, వదలలేడు కాబట్టి ఇంకా ఇరుక్కుంటుంది.

24 టన్నులకు 150 చొప్పున ట్రిప్పుకు 3,600. నెలకు 16,000 పైన. అంటే ఆయన 35 వేల అడ్వాన్సుకు నెలకు 16 వేలు వడ్డీ కడుతున్నాడు, ఎక్కడా వడ్డీ అని రాసి లేదు అంతే. ఊళ్లో మూడు రూపాయల వడ్డీ దీనిముందు ధర్మవడ్డీ.

తద్దినం రోజు ఫోన్ చేసిన పాత ఓనరు పోయాడు, ఆ కుర్చీలోకి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వచ్చి కూర్చుంది. బండి ఆర్సీ మీద పేరు మారినంత మాత్రాన లోడు వద్దనే హక్కు రాదు. రెండు ట్రిప్పుల డీజిలు చేతిలో ఉన్నవాడికే అది వస్తుంది. ఈయన విషయంలో ఆ మొత్తం 75 వేలని లెక్క తేలింది.

పనిచేసినవి

ఆ 75 వేలు ఎక్కడి నుంచి? నేను చెప్పిన దారి నాకే పూర్తిగా నచ్చలేదు. భార్య డ్వాక్రా సంఘంలో ఉంది, అక్కడ వడ్డీ తక్కువ. కానీ ఆవిడ బంగారం అప్పటికే బండిలోకి పోయింది, ఇప్పుడు ఆవిడ పేరున అప్పు కూడానా? తేలకపోతే సంఘంలో పదిమంది ముందు తల దించుకోవాల్సింది ఆవిడే. అందుకని ఆయనతో కాకుండా ఆవిడతోనే మాట్లాడతానన్నాను.

ఆవిడ వచ్చి మొత్తం విని ఒక్కటే అంది. "తెస్తానన్నయ్యగారూ. కానీ ఆ డబ్బు నా అకౌంటులో ఉంటుంది. డీజిలుకు తప్ప తియ్యను. లెక్క నేను రాస్తాను."

ఈ కేసులో నేను చేసిన పనులన్నిటికంటే ఆ షరతు గొప్పది. అప్పటిదాకా డ్రైవరు తిండి డబ్బు, బండి డబ్బు, ఓనరు లాభం మూడూ ఒకే జేబులో ఉండేవి, ఏది ఎవరిదో తెలిసేది కాదు. ఆవిడ మూడు పేజీలు చేసింది. ట్రిప్పు అయిపోగానే మీటరు రీడింగు అడిగి, కిలోమీటరుకు 3 రూపాయలు టైర్ల అకౌంటులో వేసేస్తుంది. నెలకు 11,000 ఇన్సూరెన్సు, పర్మిట్ పేజీలోకి. ఆ తర్వాతే మిగతావి. పదో తరగతి చదివిన మనిషి, నా దగ్గరికి మాత్రం ప్రతి నెలా ప్రశ్నలతోనే వచ్చేది.

మూడో నెలలో ఆవిడే పట్టుకుంది, డీజిలు ఖర్చు తేడాగా ఉందని. కర్ణాటకలో లీటరు అప్పట్లో మనకంటే బాగా తక్కువ. చీటీ బంకు ఇటువైపే ఉండేది కాబట్టి ఇన్నాళ్లూ ఆ తేడా ఆయనకు అందలేదు. ఇప్పుడు వచ్చేటప్పుడు ముళబాగిలు దగ్గర, నంగలి సరిహద్దు దాటకముందే ట్యాంకు నింపేసుకుంటున్నాడు. ఇంటిదాకా వచ్చి, మళ్లీ పోయేటప్పుడు కొంత దూరం కూడా అదే సరిపోతుంది. ట్రిప్పుకు దాదాపు 2,000 మిగులు. పెద్ద తెలివేం కాదిది, ఆ రూట్లో డ్రైవర్లందరికీ తెలిసిన విషయమే. తెలియడం వేరు, నింపుకునే డబ్బు చేతిలో ఉండటం వేరు.

ఫైనాన్స్ సంగతి. రెండు కిస్తీలు కలిపి 53,705. మిగిలిన అసలు రెండింటిదీ కలిపి 14 లక్షల దగ్గర ఉంది. కలిపేసి 48 నెలలకు చేస్తే 39,000లోపు వస్తుంది. దీనివల్ల చివరికి లక్షా డెబ్బై వేల దాకా ఎక్కువ కడతాడు, ఆ మాట ముందే చెప్పాను. అయినా ఎందుకు చేయమన్నానంటే, నెలకు 14,700 ఊపిరి ఇప్పుడు లేకపోతే బండి సీజింగుకు పోతుంది, అప్పుడు నష్టం లక్షా డెబ్బై దగ్గర ఆగదు. సీజ్ చేసిన బండి యార్డులో ఎంతకు పోతుందో చూసినవాణ్ని.

బ్రాంచిలో మొదట కుదరదన్నారు. రెండుసార్లు తిప్పారు. అకౌంటు స్టేట్‌మెంటు తీయించి చూస్తే కిస్తీ ఆలస్యమైన నెలల్లో వేసిన పెనాల్టీని అసలుకు కలిపి మళ్లీ వడ్డీ వేశారు. పెనాల్టీని అసలుకు కలపకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులోనే చెప్పింది, అమలుకు పాత లోన్లకు 2024 జూన్ దాకా గడువు ఇచ్చింది. గడువు ఉందిగా అని వాళ్లు వాదించవచ్చు, అందుకని గొడవ పెట్టుకునే భాషలో రాయలేదు. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు ఒక పేజీ ఉత్తరం, లెక్క పట్టికతో, కింద ఒక లైను: 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్తాం అని. ఇరవయ్యో రోజున బ్రాంచి నుంచే ఫోన్ వచ్చింది. పెనాల్టీలో 17 వేలు తీసేశారు, రెండు లోన్లూ కలిపారు. ఎదురుగా నిలబడి అడిగితే కాని పని కాగితం మీద రాస్తే ఎందుకవుతుందో గానీ, అవుతుంది.

ఇక ఆఫీసు దగ్గర ఆగిన లక్షా పది వేలు. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించాను, ఫీజేమీ ఉండదు. చిన్న సంస్థకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఫిర్యాదు చేసే సమాధాన్ పోర్టల్ ఉంది, ఓనరు ఉత్సాహపడ్డాడు, నేనే ఆపాను. ఈ ఊళ్లో ఒక ఆఫీసు మీద ఫిర్యాదు చేసినవాడికి మిగతా ఆఫీసులూ లోడు ఇవ్వవు. ఫిర్యాదు చేస్తే పాత బాకీ రావచ్చు, రేపటి లోడు పోవచ్చు. బదులుగా బిల్లుల మీద ఉద్యం నంబరు కొట్టించి, మొత్తం బాకీ పట్టిక ఆఫీసు అకౌంటెంటుకు మామూలుగా పంపించాను. ఆ ఏడాదే ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపు కట్టని బిల్లు, కట్టిన ఏడాదిలో తప్ప ఖర్చుగా చూపించుకోవడానికి లేదు. 2024 మార్చి మూడో వారంలో అకౌంటెంటే ఫోన్ చేసి నెలాఖరులోపు 92 వేలు సర్దారు. మిగతా 18 వేలు డ్యామేజీ, షార్టేజీ అని కోసేశారు, వదిలేశాం.

ఆ ఆఫీసుతో సంబంధం తెంచుకోలేదు. ఇప్పటికీ వాళ్ల లోడు వేస్తాడు, రేటు కుదిరితే. డీజిలు సొంతంగా కొట్టించుకుంటున్నాడని తెలిశాక వాళ్లే 1,720 ఇస్తున్నారు. మిల్లు వాళ్లతో నేరుగా రెండు చోట్ల మాట కలిసింది, అక్కడ 1,750.

ఇప్పుడెలా ఉంది

పద్దెనిమిది నెలల తర్వాత లెక్క ఇది. ట్రిప్పుకు 20 వేలకు కాస్త పైనే. నాలుగున్నర ట్రిప్పులు మించి వెయ్యడు, రాత్రి పన్నెండు నుంచి ఐదు దాకా బండి కదలదు, ఇది కూడా ఆవిడ రూలే, రాత్రి ఒంటిగంటకు వీడియో కాల్ చేసి బండి ఆగి ఉందో లేదో చూస్తుందట. టైర్లు, ఏడాది ఖర్చులు, రిపేర్లు, కిస్తీ అన్నీ పోగా నెలకు 13, 14 వేలు ఇంటికి. ముందు టైర్లు కొత్తవి వేశారు, రొక్కం పెట్టి, టైర్ల అకౌంటులోంచే. మూడు రూపాయల వడ్డీ బాకీ ఇంకా 60 వేలు ఉంది.

13 వేలు అంటే పాత ఓనరు దగ్గర జీతం కంటే తక్కువే. జీతం డ్రైవరుకు ఇప్పుడు 22 వేలు, బత్తా వేరే. కిస్తీలో సగం పైన అసలుకు జమవుతోంది కాబట్టి బండి మెల్లగా సొంతమవుతోంది అని నేను లెక్క చెప్పొచ్చు. బండి కూడా పాతబడుతోంది కదా అని ఆయన తిరిగి అడగొచ్చు, అడిగాడు కూడా. ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటేటా, రిపేర్లు ఎక్కువ. అందుకని కొత్తగా ఎవరైనా వచ్చి "సార్, బండి కొనమంటారా" అంటే నేను అడిగేవి రెండే: డౌన్ పేమెంటు పోగా డీజిలుకు ఎంత ఉంది, ఇంట్లో లెక్క ఎవరు రాస్తారు. మొదటిదానికి జవాబు లేకపోతే ఇంకో ఏడాది జీతానికే నడపమంటాను. చాలామంది వినరు, కొనేసుకుని వస్తారు.

కేసు మూసేసినట్టే. మొన్న సంక్రాంతి అయ్యాక ఆవిడ పుస్తకం తెచ్చింది, రిటర్ను కాగితాల కోసం. పండగ ముందు రోజు మిల్లు నుంచి లోడుందని ఫోన్ వచ్చిందట, మంచి రేటే, ఓనరు రానన్నాడట. బండి మూడు రోజులు ఇంటి ముందు నిలబడింది. కిస్తీ, ఇన్సూరెన్సు, పర్మిట్ కలిపి బండి ఊరికే ఉన్న రోజుకు 1,670 ఖర్చని నేనే ఆవిడకు నేర్పాను. జనవరి పేజీలో ఖర్చుల వైపు, గ్రీజింగుకీ క్లచ్ ప్లేటుకీ మధ్య, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: పండగ, 3 రోజులు, 5,000.